గ్రాముల బిడ్డకు గుండెల మీద చోటు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బతికించే యంత్రాలు మన ఊళ్ల దాకా వచ్చాయి. ఆ బిడ్డ మెదడు చక్కగా ఎదగడానికి కావలసిన మనిషి మాత్రం ఇంకా చాలాచోట్ల వార్డు బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. ఆమెను లోపలికి పిలవాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తల్లుల తరఫున ఈ ఆదివారం చెప్పదలచుకున్న మాట ఇదే.

ప్రొద్దుటూరులో గ్రాముల లెక్క బంగారానికే అనుకునేవాణ్ణి. ఆ ఊరి బజారులో తక్కెడ ముల్లు వెంట్రుకవాసి కదిలినా కొనేవాడి ఊపిరి ఆగుతుంది. ఎనిమిదేళ్ల కిందట అదే ఊళ్లో, ఒక పిల్లల ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను వేరే గ్రాములు లెక్కపెట్టాను. మొదటిరోజు 1,200. మరునాడు 1,170. ఆ మరునాడు 1,140. అది నా చెల్లెలి బిడ్డ తూకం. పుట్టిన ప్రతి బిడ్డా మొదటి వారంలో కొంత తగ్గుతుందని, నెలలు నిండని బిడ్డ ఇంకాస్త ఎక్కువ తగ్గుతుందని అప్పుడు నాకు తెలీదు. తగ్గిన ప్రతి గ్రామూ మా చేతుల్లోంచి జారిపోతున్న బిడ్డే అనిపించింది.

చెల్లెలి మెట్టినిల్లు పులివెందుల. ఏడో నెల పడగానే జమ్మలమడుగుకు, పుట్టింటికి తీసుకొచ్చాం. వారం తిరగకముందే కాళ్లవాపు, తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు. బీపీ అదుపు తప్పింది. ముప్పయ్యో వారంలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పిల్లికూన మూలిగినట్టు ఒక్కసారి ఏడ్చింది. గంట తిరక్కుండా నేనూ మా బావా ఆ బిడ్డతో ప్రొద్దుటూరు దారి పట్టాం. కుట్లతో ఉన్న తల్లి ఒక ఊళ్లో, ఊపిరితిత్తులు పండని బిడ్డ ఇంకో ఊళ్లో. నడుమ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం.

నాలుగోనాడు చెల్లెలు వచ్చింది. లోపలికి వద్దన్నారు. ‘ఇన్ఫెక్షన్ వస్తాదమ్మా, అద్దంలోంచి చూసుకో’ అన్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పరదా తీసేవారు. పాలు పిండి గిన్నెలో ఇస్తే నర్సు తీసుకుపోయేది. తన బిడ్డను తాను ముట్టుకోవడానికి ఆమెకు పందొమ్మిది రోజులు పట్టింది. ఆ ఆసుపత్రి మీద నాకు కోపం లేదు. అక్కడి డాక్టరే మా బిడ్డకు ఊపిరి పోశాడు. అయితే ఆ పందొమ్మిది రోజుల్లో మా చెల్లెలు చేయగలిగినవి, ఏ యంత్రమూ చేయలేనివి ఎన్ని ఉన్నాయో తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నాను. ఈ కథనం అక్కడ పుట్టింది.

ఆ పది వారాలు ఎవరి చేతుల్లో?

37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ. 32 వారాల లోపు పుడితే చాలా ముందు పుట్టినట్టు. 28 లోపు మరీ ముందు. 2020లో ప్రపంచంలో ఇలా పుట్టిన బిడ్డలు సుమారు కోటీ 34 లక్షల మంది. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2023లో ప్రకటించిన నివేదిక చెప్పింది. ఇంతమంది ఇంకే దేశంలోనూ లేరు.

కడుపులో చివరి మూడు నెలలూ బిడ్డ మెదడుకు ముమ్మరమైన కాలం. 34 వారాల బిడ్డ మెదడు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండొంతులే. నున్నగా ఉన్న పై పొర మడతలు పడేది, కణానికీ కణానికీ నడుమ దారులు అల్లుకునేది ఈ వారాల్లోనే. అది జరగాల్సిన చోటు చీకటిగా, వెచ్చగా ఉంటుంది. నీటిలో తేలే ఒళ్లు ముడుచుకుని ఉంటుంది. వినిపించేవి అమ్మ గుండె చప్పుడు, అమ్మ గొంతు. ముందే బయటపడ్డ బిడ్డకు ఆ పది వారాలూ ఐసీయూలో గడుస్తాయి. అక్కడ రాత్రీ పగలూ ఒకే వెలుగు. నిమిషానికోసారి అలారం. మడమకు సూది, ముక్కులో గొట్టం, బుగ్గ మీద ప్లాస్టరు.

ఇవన్నీ ఉండాల్సినవే. గాలి ఒత్తిడితో ఊపిరికి సాయపడే సీప్యాప్ లేకుంటే ఆ ఊపిరితిత్తులు తెరుచుకోవు, వెచ్చగా ఉంచే వార్మర్ లేకుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. మా ప్రాంతం ఎండలు నలభై డిగ్రీలు దాటినా కిలో బిడ్డకు చలే. తోలు కింద కొవ్వు లేదు, తనను తాను వెచ్చగా ఉంచుకునే శక్తీ లేదు. అందుకని యంత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బతికించడం సగం పనే. మిగతా సగం, ఆ మెదడు అల్లిక చెడకుండా చూడటం. దీనికే డాక్టర్లు ఎదుగుదలకు అండగా నిలిచే సంరక్షణ అని పేరు పెట్టారు. అమెరికాలోని బోస్టన్‌లో హైడెలిస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో దీనికొక పద్ధతి రూపొందించారు. ఆమె చెప్పిన మూలసూత్రం ఒక్కటే. ఆ బిడ్డకు భాష ఉంది, దాన్ని చదవడం మనం నేర్చుకోవాలి.

‘తట్టాకుమ్మా, అనిచి పెట్టు’

ఆ భాషను మా చెల్లెలికి నేర్పింది ఒక నర్సమ్మ. యాభై దాటిన మనిషి, మా యాసలోనే మాట్లాడేది. ఇరవయ్యోనాడు డాక్టరును ఒప్పించి చెల్లెల్ని లోపలికి తీసుకుపోయింది. మోచేతుల దాకా సబ్బుతో కడిగించింది, గాజులూ ఉంగరం తీయించింది. నేను అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాను.

చెల్లెలు వణికే చేత్తో, ఇంట్లో పిల్లల్ని జోకొట్టినట్టు బిడ్డ వీపు మీద తట్టింది. బిడ్డ ఉలిక్కిపడింది. రెండు చేతులూ బారజాపి, ఎవరినో ఆగమన్నట్టు ఐదు వేళ్లూ విప్పింది. మానిటరు మీద ఆక్సిజన్ అంకె దిగింది. చెల్లెలు బెదిరి చెయ్యి వెనక్కి లాక్కుంది.

“తట్టాకుమ్మా. అట్ల తడితే దానికి పిడుగు పడినట్టుంటాది. నిమరను గూడా వద్దు, తోలు ఇంకా పల్చన. చెయ్యి ఊరికే అనిచి పెట్టు. ఒకటి తలకాయ మింద, ఒకటి పాదాల కాడ. కాళ్లు ముడిచి పట్టుకో. కడుపులో ఉన్నట్టుండల్ల.”

చెల్లెలు అలాగే పట్టుకుంది. అరచేతులు రెండూ కలిసి గూడు అయ్యాయి. కాసేపటికి విప్పిన వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఒక చెయ్యి పాకుతూ పోయి నోటి దగ్గర ఆగింది. నొసటి మీద ముడత విడిపోయింది. అంకె 86 నుంచి 93కి ఎక్కింది. మూడు వారాలుగా ఆ గదిలో జరిగిన ఏ చికిత్సకూ తీసిపోని పని నా కళ్లముందే జరిగింది. చేసింది రెండు అరచేతులు.

ఆ తర్వాత గుర్తుపట్టడం మొదలుపెట్టాం. వేళ్లు విప్పడం, వెన్ను విల్లులా వంచడం, ఆవలింత మీద ఆవలింత, ఎక్కిళ్లు, తుమ్ములు, ముఖం పక్కకు తిప్పుకోవడం, రంగు మారడం. వీటన్నిటికీ అర్థం ‘ఇంక చాలు, నన్ను కాసేపు వదలండి’ అని. చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకోవడం, వేలు పట్టుకోవడం, కాళ్లు ముడుచుకుని మెత్తబడటం, కళ్లు విప్పి ఒకవైపే చూడటం. వీటికి అర్థం ‘బాగుంది’ అని. ఈ రెండు వరసలూ తెలిసిన తల్లి ఐసీయూలో ఉంటే, బిడ్డ అలసిపోయిందని మానిటరు కంటే ముందే చెబుతుంది.

తెలిసిన నర్సులు చేసే చిన్న చిన్న పనులు ఇంకా ఉన్నాయి. మెత్తటి గుడ్డ చుట్టి బిడ్డ చుట్టూ పిట్టగూడులా అమర్చడం. ఇంక్యుబేటరు మీద గుడ్డ కప్పి రాత్రిని రాత్రిలా ఉంచడం. స్టీలు ట్రే దాని మీద పెట్టకపోవడం, తలుపు చప్పుడు కాకుండా మూయడం. ఐసీయూలో చప్పుడు 45 డెసిబెల్స్ మించకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 ఉంటుంది. గుడ్డ మార్చడం, మందు వేయడం, జ్వరం చూడటం విడివిడిగా పదిసార్లు కాకుండా ఒక్క విడతలో ముగించి బిడ్డను నిద్రపోనివ్వడం. నెలలు నిండని బిడ్డ రోజులో ఎక్కువ భాగం నిద్రే పోవాలి. మెదడు అల్లిక సాగేది ఆ నిద్రలోనే. వీటిలో ఖరీదైన వస్తువు ఒక్కటి కూడా లేదు.

పంచె కట్టు, గుండె చప్పుడు

1970ల చివర దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగోటాలో ఒక ప్రసూతి ఆసుపత్రి. ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటి పిల్లలు పోయేవారు. ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే ఇద్దరు డాక్టర్లు బిడ్డను తీసి తల్లి రొమ్ముల నడుమ, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా కట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టుందని ఆ పేరే స్థిరపడింది. అదే కంగారూ కేర్. గతిలేక పట్టిన దారి నిజంగానే రాచబాట అని తర్వాత తేలింది. అక్కడే నథాలీ షార్పాక్ బృందం అలా పెరిగిన పిల్లలను ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని పరీక్షించింది. మామూలు పద్ధతిలో పెరిగిన వారితో పోలిస్తే వీరు బడి మానేయడం తక్కువ, దుడుకుతనం తక్కువ అని 2017లో ప్రకటించింది.

అంతకంటే పెద్ద రుజువు 2021లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 3,211 మంది బిడ్డలతో పరిశోధన చేసింది. మన దేశం నుంచి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు తూగే బిడ్డలు. అప్పటిదాకా ఉన్న రివాజు, బిడ్డ పూర్తిగా కుదుటపడ్డాక తల్లికివ్వడం. ఈ పరిశోధకులు మాత్రం బిడ్డ పుట్టిన వెంటనే తల్లినీ బిడ్డనూ ఒకే ఐసీయూలో పెట్టి, అక్కడే కంగారూ కేర్ మొదలుపెట్టారు. మొదటి 28 రోజుల్లో చావులు నాలుగింట ఒక వంతు తగ్గాయి. 2022 నవంబరులో ఆ సంస్థ తన సిఫార్సునే మార్చుకుంది. వీలైనంత త్వరగా మొదలుపెట్టండి, రోజుకు ఎనిమిది నుంచి ఇరవై నాలుగు గంటలు కొనసాగించండి అంది.

చేసే తీరు తేలికే. బిడ్డకు టోపీ, సాక్సులు, కింద గుడ్డ తప్ప ఏమీ ఉండవు. తల్లి రొమ్ముల నడుమ నిలువుగా, కాళ్లూ చేతులూ కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి కాస్త పైకి ఉంచి, మెడ వాలిపోకుండా మెత్తటి గుడ్డతో కట్టాలి. తల్లి కాస్త వెనక్కి వాలి కూర్చోవాలి. ఒకసారి పెట్టాక గంటకు తక్కువ కాకుండా ఉంచాలి. మాటిమాటికీ తీసి పెడితే అదే బిడ్డకు అలసట. అమ్మ గుండె చప్పుడుకు బిడ్డ ఊపిరి కుదురుకుంటుంది, వెచ్చదనం నిలుస్తుంది, పాలు పెరుగుతాయి, సూది నొప్పి కూడా తక్కువగా తెలుస్తుంది.

తల్లి అలసిపోతే? మా బావ చొక్కా విప్పి కూర్చున్నాడు. పులివెందుల చీనీ తోటల్లో పని చేసిన చేతులు. ఆ చేతుల్లో బిడ్డను పెట్టాలంటే నర్సమ్మే ఒక క్షణం తటపటాయించింది. మా నాయన తెల్లపంచె చించి కట్టుగుడ్డ చేశాం. ఆ గుడ్డలో బిడ్డ గంటన్నర కదలకుండా నిద్రపోయింది. ఆ గంటన్నరా మా బావ కూడా కదల్లేదు. నాన్న కట్టుకోవచ్చు, అవ్వ కట్టుకోవచ్చు, పిన్ని కట్టుకోవచ్చు. ఆరోగ్యంగా, శుభ్రంగా ఉంటే చాలు.

ఉగ్గిన్నె పట్టడం ఒక విద్య

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం. ఈ మూడూ ఒక లయలో పడటం బిడ్డకు సుమారు 34 వారాలకు గానీ రాదు. అంతకుముందు గొట్టం ద్వారా పాలు. ఆ గొట్టం పాలు పోసేటప్పుడే బిడ్డను రొమ్ము దగ్గర పెట్టి, పాలు పిండేసిన రొమ్మును చప్పరించనిస్తే ఆ లయ త్వరగా అలవడుతుంది. పెదవుల మీద రాసిన ఒక చుక్క ముర్రుపాలు కూడా ఆ బిడ్డకు మొదటి పాఠమే. గొట్టం నుంచి రొమ్ముకు చేరే దారిలో ఒక మజిలీ ఉంది. దాన్ని మన అవ్వలు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. ఉగ్గిన్నె.

పెద్ద పెద్ద ఐసీయూల్లో కూడా ఇవాళ సీసా బదులు మూతి సాగిన ఈ చిన్న గిన్నెనే వాడుతున్నారు. తేడా పట్టే తీరులో ఉంది. ఇంట్లో బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోరు తెరిపించి పోస్తాం. నెలలు నిండని బిడ్డకు అలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బిడ్డను ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకోవాలి. గిన్నె మూతిని పెదవి మూలకు తాకించి ఆగాలి. బిడ్డ నాలుక చాపి తనంతట తాను లాక్కోవాలి. మింగేదాకా ఆగి మళ్లీ తాకించాలి. వేళ్లు విప్పితే, రంగు మారితే ఆపాలి. మా అమ్మ నలుగురికి ఉగ్గు పోసి పెంచిన మనిషి. నర్సమ్మ దగ్గర కూర్చుని ఈ విద్య మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. “పోసేది మనం గాదంట్రా, తాగేది అది” అని ఇంటికొచ్చి నాకు చెప్పింది.

గొంతు గురించి ఒక మాట. అమెరికాలోని రోడ్ ఐలాండ్ పరిశోధకులు ఐసీయూలో ఉన్న బిడ్డల చెవిన రోజుకు ఎన్ని మాటలు పడుతున్నాయో లెక్కపెట్టారు. పెద్దవాళ్ల మాటలు ఎక్కువ విన్న బిడ్డలకు ఏడాదిన్నర వయసులో మాటలూ తెలివీ మెరుగ్గా ఉన్నాయని 2014లో ప్రచురించారు. కాబట్టి తల్లి గుండెల మీద ఉన్న బిడ్డకు మెల్లగా కబుర్లు చెప్పవచ్చు, జోల పాడవచ్చు. గొణిగినంత చాలు.

మూడు ఊళ్లు, తెగిపోయిన దారి

ఈ ప్రాంతానికి వైద్యం కొత్త కాదు. 19వ శతాబ్దం చివర లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ వేసిన పునాది మీద జమ్మలమడుగులో ఆయన పేరిటే ఆసుపత్రి నిలిచింది. చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని తరాల కాన్పులు అక్కడ జరిగాయో. డాక్టరు చదువు ముగించిన వైఎస్ రాజశేఖరరెడ్డి వైద్యాధికారిగా పనిచేసింది ఆ ఆసుపత్రిలోనే. తర్వాత 1973లో తండ్రి రాజారెడ్డి పేరిట పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, పిల్లల డాక్టర్లు ఉన్నారు. పెద్ద కేసులకు కడప రిమ్స్.

ప్రభుత్వం గీసిన పటం కూడా మంచిదే. కాన్పు జరిగే ప్రతిచోటా నవజాత శిశువుకొక మూల, కింది స్థాయి ఆసుపత్రిలో బిడ్డను కుదుటపరిచే గది, పై స్థాయిలో ఎస్ఎన్‌సీయూ అనే ప్రత్యేక సంరక్షణ కేంద్రం. 2020 జులైలో రాష్ట్రంలో కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కినప్పుడు వాటిలో 26 పసిబిడ్డల కోసమే తయారైన అంబులెన్సులు. నెలలు నిండని బిడ్డల చికిత్స ఒకనాటి ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో ఉంది. బిడ్డ పక్కనే తల్లిదండ్రులు ఉండి సంరక్షణలో పాలుపంచుకోవాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చేతులు కడగడం నుంచి కంగారూ కేర్ దాకా నేర్పి చేయించిన అనుభవం దాని వెనుక ఉంది. ఇన్ఫెక్షన్ భయం అక్కడ అడ్డం కాలేదు. చేతులు కడుక్కున్న తల్లి వల్ల బిడ్డకు వచ్చే ముప్పు కంటే, తల్లి లేకపోవడం వల్ల వచ్చే నష్టం పెద్దది.

దారి తెగేది ఎక్కడంటే, తల్లినీ బిడ్డనూ విడదీసే చోట. బిడ్డను ఇంకో ఊరికి పంపుతున్నప్పుడు తల్లి కదలగలిగితే తల్లితోనే పంపాలి. ఇంక్యుబేటరు అంబులెన్సు అందకపోతే, బిడ్డ ఊపిరి నిలకడగా ఉంటే, ఎవరో ఒకరి గుండెలకు కట్టి తీసుకుపోవడమే అన్నిటికంటే వెచ్చని దారి. ఆరోజు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు మేం బిడ్డను రెండు తువ్వాళ్లలో చుట్టి ఒళ్లో పెట్టుకుని పోయాం. చేరేసరికి పాదాలు మంచులా ఉన్నాయి. పక్కన కూర్చున్న బావ గుండె ఖాళీగానే ఉంది. ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే.

అంతకుముందే చేయగలిగింది కూడా ఉంది. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పండిస్తుంది. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటిది ఏఎన్ఎం కూడా వేయవచ్చు. ఇక ముందే కాన్పు రావడానికి దారితీసే వాటిలో రక్తహీనత, బీపీ, మూత్రంలో ఇన్ఫెక్షన్, లేతవయసు గర్భం ముఖ్యమైనవి. రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత తేల్చింది. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడు కూడా ఈ అంకె మరవకూడదు.

డిశ్చార్జి కాగితంతో పని అయిపోదు

మా బిడ్డను నలభై ఎనిమిదోనాడు ఇంటికి పంపారు. 1,850 గ్రాములు. తెచ్చుకున్న సంబరంలో మేము చేయబోయిన పెద్ద తప్పు, కంటి పరీక్షను ఇంకో నెల వాయిదా వేయడం. నర్సమ్మే ఫోన్ చేసి కేకలేసింది.

ముందే పుట్టిన బిడ్డ కంటి వెనుక పొరలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా అల్లుకుని ఉండవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే పొర ఊడి చూపు శాశ్వతంగా పోతుంది. పైకి ఏమీ కనిపించదు. కన్ను తెల్లబడి మనకు తెలిసేనాటికి చేయగలిగింది ఉండదు. సమయానికి చూస్తే లేజరుతోనో ఇంజెక్షన్‌తోనో కాపాడవచ్చు. అందుకే 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డ కంటినీ పుట్టిన 30 రోజుల్లోపు చూపించాలి. మరీ ముందుగా పుడితే ఇరవై రోజులకే. హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ సుభద్ర జలాలి 1990ల నుంచి ఐసీయూల గుమ్మం దాకా వెళ్లి ఈ పరీక్షలు చేసే పద్ధతిని మన తెలుగునేల మీద నిలబెట్టారు. మేము ముప్పై రోజుల గడువు దాటేశాం. మా బిడ్డ అదృష్టం, ముప్పు లేదన్నారు. అదృష్టం మీద వదిలేసే విషయం కాదిది.

చెవి పరీక్ష కూడా అంతే. మొదటి నెలలో పరీక్ష చేయించి, మూడు నెలల్లోపు లోపం ఖాయం చేసుకుంటే ఆరు నెలల్లోపు సాయం మొదలవుతుంది. అప్పుడే మాట నిలుస్తుంది. ఆ తర్వాత గమనించాల్సినవి కండరాల బిగువు, చూపు, నవ్వు, మెడ నిలపడం. తిరువనంతపురంలో డాక్టర్ ఎంకేసీ నాయర్ నడిపిన బాలల వికాస కేంద్రం 1980ల చివరి నుంచి ముప్పున్న బిడ్డలకు తల్లుల చేతే ఇంట్లో వ్యాయామాలు చేయించే దారి చూపింది. ఇలాంటి తోడ్పాటు అందిన బిడ్డల తెలివితేటలు బడికి వెళ్లే ముందు వయసు దాకా మెరుగ్గా ఉంటున్నాయని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. నడక మీద ప్రభావం అంత బలంగా కనిపించలేదు. అయినా ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం కింద ప్రతి జిల్లాకూ ఒక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాట నేర్పేవారు ఒకేచోట దొరకాలి. మంచి ఆలోచన. పులివెందుల పక్క పల్లెలో కూలికి పోయే తల్లి వారం వారం కడప బస్సెక్కగలదా? ఒకరోజు కూలి, బస్సు చార్జీ, ఇంట్లో పెద్దబిడ్డ. మూడోవారం ఆమె రాదు. రాలేదని ఆమెను నిందించే బదులు, వారానికొక రోజు ఆ ఫిజియోథెరపిస్టే ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు, పులివెందులకు వస్తే? మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. వాటి తలుపు మూడేళ్లలోపు బిడ్డలకూ తెరిస్తే? నేను అడుగుతున్నది కొత్త భవనం కాదు. ఒక మనిషి, ఒక చాప, వారంలో ఒక నిర్ణీత రోజు.

ఊళ్లోనే ఆశ కార్యకర్త, మన ఆశమ్మ ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు తర్ఫీదిచ్చి పసిబిడ్డల చావుల్ని తగ్గించి చూపారు. 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఆ అనుభవమే ఇవాళ మన ఆశమ్మ ఇంటింటికీ తిరగడానికి పునాది. 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆమె రావాలి. ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డ దగ్గరికి ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి రావాలి. ఆమె సంచిలో తూకం, థర్మామీటరుతో పాటు బిడ్డ ఎదుగుదల పట్టీ కూడా ఉండాలి, అది చదవడం ఆమెకు నేర్పి ఉండాలి.

ఇంటికొచ్చాక గుర్తుంచుకోండి

• వయసు రెండు రకాలు. పది వారాల ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండితే, ఎదుగుదల లెక్కలో మూడున్నర నెలలే. పక్కింటి బిడ్డతో పోల్చకండి. టీకాలు మాత్రం పుట్టినరోజు లెక్కనే.

• రెండున్నర కిలోలు దాటేదాకా, లేదా బిడ్డే ఇమడలేక బయటికి తన్నుకునేదాకా కంగారూ కేర్ ఆపవద్దు.

• సాంబ్రాణి పొగ వద్దు. ముక్కులో, చెవిలో నూనె వద్దు. బలంగా ఒళ్లు పట్టి నీళ్లు పోయడం వద్దు. నూనె రాయాలంటే డాక్టరును అడిగి, మెత్తగా.

• ఎదుగుదల లెక్కలో మూడు నెలలు దాటిన తర్వాత కూడా పిడికిళ్లు విప్పకపోవడం, గుడ్డ మార్చేటప్పుడు తొడలు బిగుసుకుపోయి తెరుచుకోకపోవడం, వెన్ను విల్లులా వంచడం, ముఖం వంక చూడకపోవడం, చప్పుడుకు ఉలకకపోవడం కనిపిస్తే ‘అదే సర్దుకుంటుంది’ అని ఆగవద్దు.

• కన్ను, చెవి పరీక్షల తేదీలు డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి.

‘ఎనిమిదో నెల బిడ్డ’ మాట

‘ఏడో నెల బిడ్డ బతుకుతాది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అనే మాట మన పల్లెల్లో ఇంకా వినబడుతుంది. మా ఇంటికొచ్చిన చుట్టాలూ అన్నారు, ఓదార్పుగానే అన్నారు. అది నిజం కాదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే బలం ఎక్కువ. ఈ మాట నమ్మి ఎనిమిదో నెల బిడ్డ మీద ఆశ వదులుకునే ఇల్లు ఒక్కటి ఉన్నా అది మనందరి తప్పు. ‘ఏం తిన్నావో, యాడ తిరిగినావో’ అని తల్లిని అనే మాటలూ అంతే. పరదా వెనక బిడ్డ, మెట్ల మీద ఈ మాటలు. ఆ పందొమ్మిది రోజుల్లో చెల్లెలికి పాలు తగ్గిపోయాయి. బిడ్డను గుండెల మీద కట్టుకున్న మూడోనాటికి మళ్లీ పడ్డాయి. తల్లిని నిలబెట్టడమూ ఈ వైద్యంలో భాగమే.

రాష్ట్రంలో నూటికి 96 కాన్పులకు పైగా ఇప్పుడు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంటి పురుటి గదిని ఆసుపత్రికి మార్చడానికి మనకు రెండు తరాలు పట్టింది. ఆ ఆసుపత్రిలో ఐసీయూ పక్కన తల్లికొక మంచం, వాలుకుర్చీ, బాత్రూం, రెండు పూటలా అన్నం ఏర్పాటు చేయడానికి ఇంకో తరం అక్కర్లేదు. ఏటా నవంబరు 17న నెలలు నిండని బిడ్డల దినం జరుపుకుంటున్నాం. ఆరోజు పంచే ఊదారంగు బెలూన్ల ఖర్చుతో ఒక కుర్చీ వస్తుంది.

మా మేనకోడలికి మూడో ఏట చెవులు కుట్టించాం. కమ్మల కోసం ప్రొద్దుటూరే పోయాం. షావుకారు రెండు గ్రాములు తూచి చూపిస్తుంటే చెల్లెలూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆనవాయితీ ప్రకారం బిడ్డను నా ఒళ్లో కూర్చోబెట్టారు. మొదటి చెవికి సూది దిగగానే కెవ్వుమంది. రెండు చేతులూ బారజాపి, ఐదు వేళ్లూ విప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి, గిలక ఆడించి ఏమార్చబోయారు. చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. దగ్గరికొచ్చి ఒక అరచెయ్యి దాని తల మీద, ఇంకో అరచెయ్యి పాదాల దగ్గర అనిచి పెట్టింది. నా ఒళ్లోనే ఆ వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.